అత్తగారిని పైకి పంపిన అల్లుడు

ఆ రోజు ఉదయం పుస్తకాల బైండరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కాఫీ తాగి సామాన్ల గదిలోకి వెళ్ళాలి. కొత్తగా కొన్న చేతి లిఫ్టుతో ఇనుప పెట్టెనూ, చెడిపోయిన కుట్టుమిషనునూ, రెండు పరుపులనూ అటక మీదికి ఎక్కించాలి. తొమ్మిదిన్నరకల్లా బైండింగు షాపు తలుపులు తీయాలి. అక్కడ ఒక గ్రంథాలయంవారి నలభై పుస్తకాలు అట్టలూడిపోయి ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. సైన్సు టీచరైన భార్య పరీక్షల డ్యూటీ ఉందని ఏడున్నరకే బడికి వెళ్ళిపోయింది.

చేతి లిఫ్టు అంటే మేడల్లో మనుషుల్ని మోసే పెట్టె కాదు. నాలుగు చిన్న చక్రాల మీద నిలబడ్డ ఇనుప స్తంభం. దానికి ముందువైపు ఒక పలక, వెనకవైపు ఒక హేండిలు. హేండిలు తిప్పితే లోపల ఇనుప తాడు చుట్టుకుంటూ పలక టిక్కు టిక్కుమని పైకి లేస్తుంది. చెయ్యి వదిలేస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది. వెనక్కి తిప్పితే దిగుతుంది. నడుం పట్టేసి నెల రోజులు మంచం మీదున్న బైండరు, ఇక బరువులెత్తనని ఒట్టుపెట్టుకుని దీన్ని కొన్నాడు. పాత నిచ్చెనను లిఫ్టు అమ్మిన షాపువాళ్ళే తీసుకుపోయారు.

"అల్లుడుగారూ, చెయ్యి వదిలేసినా ఇది ఎందుకు పడట్లేదు?"

గుమ్మంలో అత్తగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. వయసు డెబ్బై దాటినా ఏది కనబడినా దాని లోపల ఏముందో తెలిసేదాకా ఆవిడకు నిద్ర పట్టదు. ఈ ఇంటికొచ్చి పద్నాలుగు నెలలైంది. ఈలోగా గోడ గడియారాన్ని రెండుసార్లు విప్పింది, ఒకసారి బిగించింది.

"లోపల ఒక పళ్ళ చక్రం ఉంటుందటండీ. దాన్ని ఓ కొక్కెం పట్టుకుంటుందట."

"ఉంటుందట, పట్టుకుంటుందట! మీరు చూడలేదా?"

"లేదండీ."

"చూడకుండా అంత బరువు పెట్టెను ఎలా ఎక్కిస్తారు? ముందు తేలిగ్గా ఉన్నదాంతో పరీక్ష చెయ్యాలి. నేను నలభై రెండు కిలోలు."

స్తంభం మీద ఎర్రటి అక్షరాలతో 'మనుషులు ఎక్కరాదు' అని ఉంది. బైండరు వేలు పెట్టి చూపించాడు. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"ఎక్కరాదనే ఉంది. ఎక్కితే ఏమవుతుందో రాయలేదు," అని చెప్పులు విడిచి పలక మీద నిలబడింది. "అయినా ఆ అటక మీద ఏముందని వచ్చినప్పటినుంచీ అడుగుతున్నా. ఏమీ లేదంటారు. ఏమీ లేనిచోట అంత దుమ్ము ఎందుకు చేరుతుంది?"

కూతురైతే కసిరేది. అల్లుడు కసరలేడు. స్తంభాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని రెండో చేత్తో హేండిలు తిప్పాడు. టిక్కు టిక్కుమంటూ అత్తగారు పైకి లేచి, ముఖం వెలిగిపోతుండగా అటక మీదికి అడుగుపెట్టింది.

అంతటితో సరిపెట్టుకుంటే కథే లేదు.

"ఆ హేండిలు ఊడదీసి ఒకసారి ఇటివ్వండి. దాని చివర రంధ్రానికి ఎన్ని మూలలున్నాయో చూసిస్తా."

బైండరు మునివేళ్ళ మీద లేచి అందించాడు. పైనుంచి "ఆరు! ఆరు మూలలండీ!" అన్న సంతోషపు కేక వినిపించింది. ఆ వెంటనే టంగుమని ఒక చప్పుడు, కాస్త కింద ఇంకొకటి, ఎక్కడో పాతాళంలో మూడోది.

"అల్లుడుగారూ, ఈ గోడ పక్క సందు ఎక్కడికి పోతుంది?"

అది నీళ్ళ గొట్టాల సందు. ఇంటి వెనక భాగంలో నేల దాకా పోతుంది. హేండిలు తొడిగే ఇరుసును పట్టకారుతో తిప్పి చూస్తే కదల్లేదు, పట్టకారు జారి వేళ్ళకే దెబ్బ తగిలింది. పక్కింటి నిచ్చెన అడిగి తెస్తానంటే అత్తగారు ఒప్పుకోలేదు. "ఎక్కేటప్పుడు పరవాలేదండీ, దిగేటప్పుడే మోకాలు నా మాట వినదు. మిషను మీద వచ్చాను, మిషను మీదే దిగుతా. నాకిక్కడ హాయిగానే ఉంది."

బైండరు ముందుగదిలోకి పరిగెత్తి లిఫ్టు కొన్న షాపుకు ఫోను చేశాడు.

"పలక పైన ఇరుక్కుందా? సరుకేమిటండీ?" అని అడిగాడు షాపు మిస్త్రీ.

"మా అత్తగారు."

"అంటే ఆవిడ సామానాండీ?"

"సామాను కాదు బాబూ, ఆవిడే! అవును, పైకి పంపింది నేనే, ఒప్పుకుంటున్నా. ఆవిడే పంపమన్నారు! ఇంట్లో ఇంకా ఎవరికీ తెలీదు. మా ఆవిడ వచ్చేలోగా కిందికి దించాలి. త్వరగా ఒక మనిషిని పంపండి."

ముందుగది కిటికీ పక్కింటి వసారాలోకి తెరుచుకుంటుంది. ఆ వసారాలో కోర్టాయన పేపరు చదువుతున్నాడు. కోర్టులో ముప్పై ఏళ్ళు సాక్షుల పేర్లను మూడేసిసార్లు పిలిచి రిటైరైన ఆయన్ను వీధిలో అందరూ అలాగే అంటారు. వాదనలు విని విని ఆయనకు లాయరు బుద్ధి అబ్బింది. పేపరు మడిచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మీ అత్తగారి సంగతి నా చెవిన పడింది. ఎన్నింటికి పంపారు?"

"ఎనిమిదింబావుకండీ."

"బాధపడ్డారా?"

"లేదండీ, నవ్వుతూనే వెళ్ళారు."

"మీ ఇద్దరి మధ్యా గొడవేమైనా?"

"గొడవేమీ లేదండీ. హేండిలు ఆవిడ చేతికివ్వడం ఒక్కటే నా తప్పు," అని, కబురు వీధంతా పాకేలోగా తానే చెప్పడం మేలనుకుని బైండరు భార్య బడికి ఫోను కలిపాడు. ఏ వాక్యానికి ఎన్నేళ్ళు పడతాయో కోర్టాయన మనసులో లెక్కవేసుకుంటూ నిలబడిపోయాడు.

పరీక్ష హాల్లో టీచర్ల ఫోన్లు ఆపేసి ఉంటాయి. ఆఫీసులో ఎత్తింది బడి గుమాస్తా. ఎదుటివాళ్ళ కష్టం వింటే చాలు, ఏడ్చేస్తాడు.

"మా ఆవిడకు ఒక ముక్క చెప్పండి. వాళ్ళమ్మగారు పైకి వెళ్ళారు. దించడానికి మనిషి వస్తున్నాడు. కంగారు పడొద్దనండి," అన్నాడు బైండరు.

"అయ్యయ్యో! ఎంత పనైంది! ఎప్పుడండీ?"

"ఇందాకే. పరీక్ష అయ్యాకే రమ్మనండి, తొందరేమీ లేదు."

ఆ నిబ్బరానికి గుమాస్తా కరిగిపోయాడు. టీచరుగారి ఫైలు తీసి, అత్యవసర నంబరు చోట ఉన్న ఆవిడ అక్కకు కబురు చెప్పాడు. హెడ్మిస్ట్రెస్‌కు చెప్పి, పరీక్ష హాల్లోంచి టీచరును పిలిపించి, తానే కార్లో ఎక్కించుకుని బయల్దేరి, దారిలో తెల్లపూల గుత్తి ఒకటి కొన్నాడు.

ఈలోగా బైండరు హేండిలు కోసం ఇంటి వెనక్కి వెళ్ళి, గొట్టాల సందులో నడుం దాకా దూరాడు. ముందు తలుపు బార్లా తెరిచే ఉంది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ గేటు దగ్గర ఒకేసారి దిగారు. పెద్దావిడకు లాండ్రీ ఉంది. పద్నాలుగు నెలల క్రితం దాకా తల్లి ఆవిడ దగ్గరే ఉండేది. ఒకనాడు ఉతకడానికొచ్చిన కోటు జేబులో చీటీ కనబడితే తల్లి చదివి, పాపం ముఖ్యమైనదేమో అని ఆ కోటు పెద్దమనిషి భార్యకు ఫోను చేసి మొత్తం వినిపించింది. ఆ చీటీ రాసింది వేరే ఆవిడ. ఆ సాయంత్రం లాండ్రీ ముందు జరిగిన రభసకు వీధంతా బయటికొచ్చింది. పెద్దకూతురు తల్లిని నానామాటలూ అంది, తల్లి పెట్టె సర్దుకుంది. ఆనాటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"లోపల ఎవరూ లేరమ్మా," అన్నాడు కోర్టాయన గొంతు తగ్గించి. "అల్లుడే పంపాడట. నా ఎదుటే ఒప్పుకున్నాడు. ఇప్పుడు మనిషే కనబడ్డం లేదు."

"మా ఆయనా? చీమ కనబడితే పుస్తకం పక్కకు జరిపే మనిషండీ ఆయన!" అంది టీచరు. అంటూనే లోపలికి పరిగెత్తింది, వెనకే మిగతా ముగ్గురూ. పడగ్గది, వంటిల్లు, స్నానాలగది, ఎక్కడా తల్లి లేదు. చివరికి సామాన్ల గదిలో ఇనుప స్తంభం పక్కన ఒద్దికగా విడిచిన జత చెప్పులు కనబడ్డాయి. వాటిని చూడగానే పెద్దకూతురు బావురుమంది.

అటక మీద చీకట్లో పాత పరుపుకు ఆనుకుని కూర్చున్న అత్తగారు ఇదంతా వింటూనే ఉంది. మొదట పలకకపోవడానికి కారణం అలవాటే. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఆపరేటరు మధ్యలో దూరకూడదు. తర్వాత "ఆవిడ ఆత్మకు శాంతి కలగాలి" అని గుమాస్తా అనడం వినబడి, ఎవరా పోయింది అని చెవి ఒగ్గింది. పోయింది తానేనని తెలిశాక ఇక పలకబుద్ధి కాలేదు. మనిషి పోయాక వెనక ఏమనుకుంటారో వినే అవకాశం ఏ ఎక్స్ఛేంజిలోనూ దొరకదు.

"నిన్న గడియారం ముట్టుకుందని విసుక్కున్నానక్కా," అని వెక్కింది టీచరు.

"నువ్వు విసుక్కున్నావు, నేను తరిమేశానే! ఫోను చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. అమ్మే చెయ్యాలని పంతం పట్టాను. లాండ్రీలో అమ్మ కుర్చీ ఇంకా అలాగే ఉంచాను తెలుసా? ఎవరినీ కూర్చోనివ్వను."

పైన అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. దుమ్ము కళ్ళల్లో పడిందని తనకు తాను చెప్పుకుంది.

"కానీ ఒక్కటి మాత్రం అనాలే," అని ముక్కు చీదింది పెద్దకూతురు. "తప్పు చేసిందే కాక, ఆ చీటీ చదివింది ఇస్త్రీ మేస్త్రి అని బొంకింది చూడూ..."

"ఆ మాట నేనెప్పుడన్నానే?" అంది అటక. "చదివింది నేనేనని మొదటిరోజే ఒప్పుకున్నా! రెండుసార్లు చదివానని కూడా చెప్పా!"

గుమాస్తా చేతిలోని పూలగుత్తి జారి కుట్టుమిషను మీద పడింది, ఆయన పరుపుల మీద పడ్డాడు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. కోర్టాయన ఒక్కడే, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ, తల పైకెత్తి "హాజరా?" అని కేకపెట్టాడు.

"హాజరే," అంది అత్తగారు.

అదే సమయానికి ఒళ్ళంతా బూజుతో, ఒట్టి చేతులతో బైండరు లోపలికొచ్చాడు. వెనకే సంచి భుజాన వేసుకుని మిస్త్రీ. గదినిండా జనాన్ని చూసి బైండరు కొయ్యబారిపోయాడు.

"మా అమ్మను పైకి పంపారా?" అంది భార్య, నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో.

"నేను చెబుతూనే ఉన్నాగా! అందరికీ చెబుతూనే ఉన్నా!"

అప్పుడు ఒక్కొక్కరే తాము విన్న మాటలను మళ్ళీ మననం చేసుకున్నారు. కోర్టాయన గొంతు సవరించుకుని, చెప్పినదానిలో అబద్ధమేమీ లేదని తీర్పిచ్చాడు. మిస్త్రీ సంచిలోంచి ఇంకో హేండిలు తీసి ఇరుసుకు తొడిగాడు. రెండు నిమిషాల పని.

"ఎక్కండమ్మా, దించేస్తాం."

"నేను దిగను," అంది అత్తగారు.

"ఎందుకమ్మా?" అంది పెద్దకూతురు.

"నేను లేననుకునేసరికి తరిమేశానని ఒప్పుకున్నావు, కుర్చీ ఉంచానన్నావు. దిగానంటే నువ్వు మళ్ళీ మామూలు మనిషివైపోతావు. నాకిక్కడే బాగుంది."

పెద్దకూతురు కళ్ళు తుడుచుకుని చెప్పులు విడిచింది. "మరిదిగారూ, నన్ను కూడా పైకి పంపండి."

బైండరు రెండడుగులు వెనక్కి వేశాడు. "వదినగారూ, నావల్ల కాదు. ఒక్కరిని పంపినందుకే ఇంత జరిగింది."

"మనుషులు ఎక్కకూడదండీ," అన్నాడు మిస్త్రీ.

"వంద కిలోలు మోస్తుందని మీరేగా రాసింది! నేను ఎనభై. ఆ రాసింది అబద్ధమా?"

మిస్త్రీ కూడా మనిషే. ఆయన ఖాళీ పలకను కిందికి దించి, పెద్దకూతురు ఎక్కాక స్తంభాన్ని కావలించుకున్నాడు, బైండరు కళ్ళు మూసుకుని హేండిలు తిప్పాడు, కోర్టాయన సాక్షిగా నిలబడ్డాడు.

పైన గుసగుసలు మొదలయ్యాయి. కింద నలుగురూ మెడలు సాచారు. హేండిలు పట్టుకునే బైండరు కూడా ఒక చెవి అటు వంచాడు.

"ఏమంటున్నారు?" అన్నాడు గుమాస్తా.

"ష్ష్! ఆ కోటు పెద్దమనిషి మళ్ళీ లాండ్రీకి వస్తున్నాడట. ఇప్పుడు జేబులన్నీ తిరగేసి మరీ ఇస్తున్నాడట," అంది టీచరు.

పైన ఒక్కసారిగా నవ్వులు పెల్లుబికాయి. దుమ్ము జల్లుగా రాలి అందరి తలల మీదా పడింది.

అరగంట తర్వాత తల్లి ముందు దిగింది, కూతురు వెనక దిగింది. ఇద్దరి ముఖాలకూ దుమ్ము. మర్నాటినుంచి తల్లి లాండ్రీలో తన కుర్చీలో కూర్చునేటట్టూ, జేబులు మాత్రం కూతురే చూసుకునేటట్టూ ఒప్పందం కుదిరింది. బైండరుకు గుండె బరువు దిగినట్టయింది. అంతలోనే, రేపటినుంచి ఇంట్లో ప్రశ్నలడిగేవాళ్ళెవరని ఏదో వెలితిగానూ అనిపించింది.

"ఇంతకీ పైన ఏముందమ్మా?" అన్నాడు కోర్టాయన ఉండబట్టలేక.

"ఏమీ లేదండీ," అంది అత్తగారు.

ఆ మాట ఒక్కరూ నమ్మలేదు.

మిస్త్రీ సంచిలోంచి ఒక ఫారం తీశాడు. షాపులో ఇవ్వాలట. పేరూ, చిరునామా, హేండిలు పోయిన వైనం గబగబా రాసుకుని, 'దించిన తర్వాత సరుకు పరిస్థితి' అన్న గడి దగ్గర ఆగి, కలంతో తల గోక్కున్నాడు. అత్తగారు ఆయన చేతిలోంచి కాగితం లాక్కుని, 'ఎక్కడా విరగలేదు, ఇంకా మాట్లాడుతోంది' అని రాసి, కింద సంతకం పెట్టింది.