వెలగకూడని నాలుగు ప్లేట్లు

ఆ ఉదయం ల్యాబ్ అటెండరు బాబాయి అనుకున్నది ఒక్కటే: పదకొండింటికి గైడుగారు వచ్చేలోపు నేల తుడిచి, కణాలు పెంచే ప్లేట్లు సరిచూసి పెట్టడం. రీసెర్చి అమ్మాయి నాలుగేళ్ల కష్టం ఆ గంటలో తేలిపోతుంది. ఫలితం కనిపించకపోతే పని వేరొకరికి అప్పగిస్తానని గైడుగారు ముందే చెప్పేశారు.

నీలం దీపం కింద పెడితే మొదటి వరస కణాలు పచ్చగా వెలిగాయి. రెండో వరసలో నాలుగు ప్లేట్లూ కటిక చీకటి. "వెలిగితే బతికున్నట్టు బాబాయ్" అని అమ్మాయి ఎప్పుడో వేరే కణాల గురించి చెప్పిన మాట గుర్తొచ్చి, ఇవి చచ్చిపోయాయనుకున్నాడు బాబాయి. నిన్న నేల తుడుస్తూ, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ప్లగ్గు కాసేపు పీకింది తనే. చడీచప్పుడు లేకుండా ఆ నాలుగింటినీ కింది అరలోకి దించి, వెనక మూలనున్న పచ్చటి ప్లేట్లు తెచ్చి ఆ చోట సర్దాడు.

అమ్మాయి వచ్చి చూసింది. దీపం మార్చి మళ్లీ చూసింది. తను నాలుగేళ్లుగా పనిచేస్తున్న ప్రోటీన్ పాడైందని మిగిలిన సీసా సింకులో పారబోసి, స్టూలు మీద కూలబడింది.

"అన్నీ పచ్చగా ఉన్నాయి కదమ్మా, ఏడుపెందుకు?"

"రెండో వరస వెలగకూడదు బాబాయ్. జన్యువు నకళ్లు తీయించుకుంటూ ఉంటే వెలుగొస్తుంది. దాని నోరు మూయించడానికి మీద ఇంకో ప్రోటీన్ కాపలావాడిలా కూర్చుంటుంది గానీ, వాడొక్కడి వల్ల కాదు. నా ప్రోటీన్ వాడికి తోడెళ్లి, జన్యువున్న దారాన్ని బిగించి చుట్టించాలి. అప్పుడే అది నోరుమూస్తుంది."

"మా అత్తగారిని ఆపడం కూడా నా ఒక్కడి వల్ల కాదు. మా ఆవిడ వచ్చి పక్కన నిలబడితేనే..." బాబాయి మాట మధ్యలో ఆగిపోయింది. కింది అర వైపు చూశాడు.

గైడుగారు అప్పుడే గుమ్మంలోకొచ్చారు.

"నా ప్రోటీన్ పనిచెయ్యట్లేదు సార్. ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి" అంది అమ్మాయి.

"పనిచేస్తోందండీ" అన్నాడు బాబాయి. గైడుగారి ముందు అతను నోరు విప్పడం అదే మొదలు. "నిన్న ప్లగ్గు పీకింది నేనే. చీకటిగా ఉన్నవి చచ్చాయనుకుని దాచాను." కింది అరలోంచి నాలుగూ తీసి బల్ల మీద పెట్టాడు.

గైడుగారు చీకటి ప్లేట్లను మైక్రోస్కోపులో చూసి, కణాలు బతికే ఉన్నాయన్నారు. తర్వాత వాటి చోట వెలుగుతున్నవాటిని చూశారు. "ఇవెక్కడివి?"

అమ్మాయి ఒక ప్లేటు ఎత్తి అడుగునున్న చీటీ చదివింది. "ఆ రెండో ప్రోటీన్‌ని పట్టుకునే ముక్క కత్తిరించేసిన నా ప్రోటీన్‌తో చేసినవి సార్. వచ్చే వారం చూద్దామని..."

"నేను అడగబోయిన పరీక్ష అదే. ఆ పట్టు పోగానే జన్యువు మళ్లీ వెలుగివ్వడం మొదలెట్టింది. అంటే ఆపుతున్నది నీ ప్రోటీనే. పని నీదే, రాసుకో."

అమ్మాయి బాబాయి రెండు చేతులూ పట్టుకుంది. "నేను మంచి సీసా పారబోశాను. నువ్వు చచ్చాయనుకున్నవాటిని కూడా పారెయ్యలేదు. ఈ మేలు మర్చిపోను బాబాయ్."

"అడక్కుండా ఎలా పారేస్తాను తల్లీ" అన్నాడు బాబాయి, కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు, ప్లేట్లు ఎవరూ కదపకుండా ఇంక్యుబేటర్‌కు తాళం పడింది; తాళంచెవి బాబాయికే ఇచ్చారు.