డ్రాగను గారికి సన్మానం

ఒక పెద్ద అడవిలో పొద్దున్నే ఎండ కాసింది. గాలి లేదు. వకుళమ్మ అనే ముంగిస గుట్ట మీద రాయి చాటున పడుకుని డ్రాగనును చూస్తోంది.

కొన్ని వేసవులుగా ఆమె పని అదే. పిల్లలకు ఇంత తిండి పెట్టడం, గుట్ట ఎక్కడం. "పాముల్ని పట్టుకు తినే జాతి. నీకెందుకమ్మా ఈ పరిశోధన?" అని అడవంతా నవ్వింది. ఆమె గుట్ట ఎక్కడం మానలేదు.

చివరికి సంగతి తేలింది. డ్రాగనుకు కోపం రాదు. కాకి వచ్చి ముక్కు మీద పొడిచినా అటు తిరిగి పడుకుంటుంది. నిప్పు వచ్చేది ఆవలించినప్పుడే. కీచురాళ్ళు ఆపకుండా ఒకటే రొద పెడితే దానికి విసుగు పుడుతుంది. తోక కొన ముడుచుకుంటుంది. వెంటనే పెద్ద ఆవలింత. ఆ వైపు చెట్లు ఇక ఉండవు.

వకుళమ్మ అడవి సభకు వెళ్ళి ఈ మాటే చెప్పింది.

అధ్యక్షుడు ఏనుగు దంతేశ్వరరావు సగం విన్నాడు. "అయితే కోపం లేదన్నమాట!"

"లేదండీ. కానీ ఆవలింత..."

"కోపం లేనివాడికి సన్మానం చెయ్యొచ్చు," అన్నాడు కార్యదర్శి నక్క సుబుద్ధి. "పక్క అడవివాళ్ళు పులికి చేసుకున్నారు. మనం డ్రాగను గారికి చేద్దాం. శాలువా కప్పించుకున్నాక మన మాట కాదంటారా? ఆ దెబ్బతో పక్క అడవి నీళ్ళరేవు మనదే."

"సన్మానమంటే ఉపన్యాసాలుంటాయి కదండీ," అంది వకుళమ్మ. "భయం వాటితోనే."

సభ గొల్లున నవ్వింది.

"రెండు ముక్కలు చెప్పి కూర్చుంటానమ్మా," అన్నాడు దంతేశ్వరరావు. "సైంటిస్టువి. వేదిక మీద నీకూ కుర్చీ వేయిస్తాం."

"కుర్చీ వద్దండీ. పిల్లల్ని పిలవకండి, చాలు."

"మరి స్వాగత గీతం నువ్వు పాడతావా?" అన్నాడు సుబుద్ధి. "పిల్లలంతా ముందు వరుసలో ఉండాలి. పంపని తల్లులకు మన రేవులో నీళ్ళుండవు."

వకుళమ్మ ఇంటికొచ్చి పిల్లల్ని కూర్చోబెట్టింది. పెద్దది గవ్వ, నడిమివాడు రేగు, చిన్నవాడు కుంకుడు.

"డ్రాగను తోక మీదే కళ్ళుండాలి. కొన ముడుచుకుందా, పాట ఆపి వెనకున్న వాగులో దూకండి. పక్కవాళ్ళనీ లాగండి."

"మధ్యలో లేస్తే తిడతారమ్మా," అన్నాడు రేగు.

"తిడితే ఒళ్ళు కాలదు."

సన్మానం రోజున పిల్లల్ని పొద్దుటినుంచే ఎండలో నిలబెట్టారు. డ్రాగను అరకన్ను తెరిచి చూసింది. నాలుగు కోతులు పట్టి తెచ్చిన శాలువా దాని గోటికి సరిపోయింది.

దంతేశ్వరరావు లేచాడు. తన తాతగారు ఈ గుట్ట కింద చెరకు తిన్న వైనంతో మొదలుపెట్టాడు. తాతగారు చెరకు ముగించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

డ్రాగను చిన్నగా ఆవలించింది. వేదిక మీది దీపం వెలిగింది. దీపం కింది బల్ల కూడా వెలిగింది.

"జ్యోతి ప్రజ్వలన వారి నోటిమీదుగా జరగడం మన అదృష్టం!" అని సుబుద్ధి అరిచాడు. చప్పట్లు మోగాయి.

వకుళమ్మ వేదిక దగ్గరికి పరుగెత్తింది. "అయ్యా, ఇక ఆపండి. ఇంకోటి వస్తోంది."

"సన్మానపత్రం ఇంకా చదవలేదమ్మా," అన్నాడు సుబుద్ధి. "పద్ధతంటూ ఒకటుంటుంది."

"చివరిగా ఒక్క మాట," అన్నాడు దంతేశ్వరరావు.

ఆ మాట అన్నాడంటే సగమైందని అడవిలో అందరికీ తెలుసు. డ్రాగనుకూ తెలిసినట్టుంది. తోక కొన ముడుచుకుంది.

ముందు వరుస చెదిరిపోయింది. గవ్వ ఇద్దరు కుందేలు పిల్లల్ని లాగింది. రేగు జింకపిల్ల చెవి పట్టుకున్నాడు. అంతా వాగులో పడ్డారు. వేదిక మీద ఒక్కరూ కదల్లేదు. మాట్లాడే వంతు ఇంకా ఎవరికీ రాలేదు మరి.

ఈసారి ఆవలింత పెద్దది. పందిరి పోయింది. మైకు పోయింది. సగం అడవి పోయింది. అధ్యక్షులవారి తోక కుచ్చూ, కార్యదర్శి ఒంటి మీది బొచ్చూ పోయాయి. వేదిక మీది తాబేలు మాత్రం డిప్పలోంచి తల బయటపెట్టి, సభ ముగిసిందనుకుని వందన సమర్పణ మొదలుపెట్టింది. మిగిలినవాళ్ళు అప్పుడు పరుగెత్తారు.

సాయంత్రం మాడిన చెట్టు కింద సభ మళ్ళీ కూడింది. పిల్లలు మధ్యలో లేచిపోవడం వల్ల డ్రాగను గారి మనసు నొచ్చుకుందని తీర్మానించారు. క్షమాపణగా ఇంకో సన్మానం చెయ్యాలన్నారు.

"అమ్మా వకుళమ్మా, నువ్వు చెప్పిందే నిజమైంది," అన్నాడు దంతేశ్వరరావు పెద్ద మనసుతో. "ఈసారి మొదటి ఉపన్యాసం నీదే. ఆవలింతల మీద ఓ గంటసేపు మాట్లాడు."

"పిల్లలు ఇంటిదగ్గరున్నారండీ," అని వకుళమ్మ లేచింది.

ఇంట్లో అందర్నీ వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి తలా తడిమి లెక్కపెట్టింది. గవ్వ. రేగు. కనుబొమ్మలు కాలిన కుంకుడు. ఇద్దరు కుందేలు పిల్లలు. జింకపిల్ల. జింకపిల్ల తల్లి ఇంకా రాలేదు. వకుళమ్మ వాకిట్లో నిలబడి దారి చూసింది. లోపలికొచ్చి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. పొద్దు గూకే వేళకు జింక కుంటుకుంటూ వచ్చింది. వకుళమ్మ ఆమె తలా తడిమి లెక్కలో కలిపింది.

నీతి: కోపమొచ్చినవాడి ముందునుంచి పారిపోవచ్చు, విసుగొచ్చినవాడి ముందు మాత్రం అధ్యక్షులవారు ముగించేదాకా కూర్చోవడమే మర్యాద.