తేట బీరు ఎవరిక్కావాలి?

బీరు తేటగా ఉండాలని పట్టుబట్టేవాళ్లు సమాజానికి శత్రువులు. ఈ మాట తాగి రాయడం లేదు. పొద్దున్నే టీ తాగి, కళ్లజోడు తుడుచుకుని, బాగా ఆలోచించి రాస్తున్నాను.

మీరూ ఆలోచించండి. గ్లాసులో బీరు తేటగా ఉంటే ఏమవుతుంది? అవతలి మనిషి మొహం కనిపిస్తుంది. మా థార్న్‌బీ లాంటి చిన్న ఊళ్లో, వారమంతా చూసిన మొహాన్నే శనివారం పబ్బులో కూడా చూడాలని ఎవరికుంటుంది? మడ్డి బీరు ఆ బాధ తప్పిస్తుంది. గ్లాసు ఎత్తితే చాలు, మధ్యలో గోడ కట్టినట్టే!

ఇంతకన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. పూర్వం మా యార్క్‌షైర్‌లో ఇంట్లో బీరు కాచుకునేవాడికి పీపా బిరడా తిప్పగానే మడ్డి వచ్చిందంటే తల కొట్టేసినట్టుండేది. తొందరపడ్డాడనో, గిన్నెలు సరిగా కడగలేదనో ఊరు ఊరంతా చెప్పుకునేది. ఇప్పుడో? మడ్డిగా వస్తే దాన్ని శైలి అంటున్నారు. పొరపాటు అనే మాటకే పని లేకుండా పోయింది. మానవజాతికి ఇంతకు మించిన మేలు ఎవరు చేయగలరు?

మా పక్కింటి ఎడ్గర్ వాడ్స్‌వర్త్ మాత్రం ఈ సత్యాన్ని ఒప్పుకోకుండా చాలాకాలం మొండికేశాడు. అతనికి ఏం జరిగిందో చెబుతాను. మీరే తీర్పు ఇవ్వండి.

ఎడ్గర్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ముందు అద్దం మీద మరక ఉంటే బండి తీయనని డిపోలో భీష్మించుకు కూర్చున్న చరిత్ర అతనిది. ప్రయాణికులు తిట్టుకునేవారు. ఎడ్గర్ పట్టించుకునేవాడు కాదు. ఎదురుగా ఏముందో కనిపించకుండా మనుషుల్ని ఎక్కించుకుని పోవడం పాపమనేవాడు. రిటైరయ్యాక అదే నిష్ఠ బీరు మీదికి మళ్లించాడు. ఇంటి వెనక షెడ్డులో పీపాలు, గొట్టాలు, బార్లీ బస్తాలు పెట్టుకున్నాడు. అతను కాచేది మామూలు బీరు కాదు. మా వాళ్లు ఏల్ అంటారు. అందులోనూ గట్టి రకం. ఓ గ్లాసు తాగితే తోడబుట్టినవాళ్ల మీద ప్రేమ పుడుతుంది, రెండో గ్లాసుకు వాళ్లతో ఆస్తి గొడవ గుర్తొస్తుంది.

అలాంటి గట్టి బీరుకు కావలసింది కాలం. ఈస్ట్ తన పని ముగించుకుని, మెల్లగా అడుక్కి దిగి, పైనున్నది తేరుకోవాలి. దానికి నెలలు పడుతుంది.

కూతురు రోవెనాకు పెళ్లి కుదిరినప్పుడు పెళ్లి బీరు తనే కాస్తానన్నాడు ఎడ్గర్. పెళ్లి అక్టోబరులో అనుకున్నారు. చలికాలం చివర్లో ఓ ఆదివారం పొయ్యి వెలిగించాడు. కలిపే కర్ర నా చేతికిచ్చాడు. వీధంతా ఉడికిన బార్లీ వాసన.

ఇంతలో ఊరి హాలులో ఇంకెవరిదో పెళ్లి పెటాకులై, మే నెలలో ఓ శనివారం ఖాళీ అయింది. ఆ తేదీ దొరికిందని రోవెనా ఎగిరి గంతేసింది. ఎడ్గర్ పీపా పక్కన కూలబడ్డాడు.

అయినా అతని దగ్గర ఉపాయం ఉంది. చేప పొట్టలో ఉండే గాలితిత్తిని ఎండబెట్టి జిగురు చేస్తారు. అది కాస్త కలిపితే బీరులోని మడ్డినంతా పట్టుకుని అడుక్కి లాక్కుపోతుంది. మా తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతే. ఆ జిగురు డబ్బా తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

పెళ్లికొడుకు ఎమ్రిస్‌ది కార్డిఫ్. వాళ్ల ఇంటిల్లిపాదీ మాంసం, చేప, గుడ్డు, పాలు, ఆఖరికి తేనె కూడా ముట్టరు. ఎమ్రిస్ మీద ఎడ్గర్‌కు అప్పటికే కొంత గుర్రు ఉంది. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు పెరడంతా తిప్పి చూపించి ఎలా ఉందని అడిగితే, ఆ కుర్రాడు బంగాళాదుంప మొక్కలు మరీ దగ్గరదగ్గరగా నాటారన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. పెళ్లికూతురి తండ్రితో మాట్లాడే తీరు అదేనా?

ఇప్పుడు వాళ్ల కోసం చేప జిగురు మానుకోమంటోంది రోవెనా. ఆ రోజు వంటింట్లో నేనూ ఉన్నాను. ఎడ్గర్ కూతురికి నచ్చజెప్పాలని చూశాడు.

"చేప మడ్డితో పాటే అడుక్కి పోతుందమ్మా. తాగేవాళ్ల నోట్లోకి పొలుసంత కూడా రాదు."

"రాకపోవచ్చు నాన్నా. వేశారని నాకు తెలుసుగా. వాళ్లమ్మ నా చేతుల్లోంచి గ్లాసు తీసుకుంటుంటే ఆవిడ మొహం ఎలా చూడను?"

మడ్డి బీరైతే మొహం కనిపించదు కదా అని నేను నా సిద్ధాంతం వివరించబోయాను. ఎవరూ నవ్వలేదు. అయితే రెండు పీపాలు పెడదాం, మనవాళ్లకు తేటది, వాళ్లకు మడ్డిది అన్నాడు ఎడ్గర్. పెళ్లి రోజున రెండు పంక్తులేమిటని రోవెనా కళ్లనీళ్లు పెట్టుకుంది. అతని భార్య డోరీన్ జిగురు డబ్బా మూత బిగించి పై అలమరలోకి నెట్టేసింది.

ఆ తర్వాత పెళ్లి దాకా ఎడ్గర్ పడ్డ పాట్లు చూడాలి. పీపాకు తడి గోనెలు చుట్టాడు. షెడ్డు పక్క నుంచి గట్టిగా నడవొద్దన్నాడు. నేల అదిరితే మడ్డి లేస్తుందని డోరీన్‌ను వాషింగ్ మిషన్ వేయనివ్వలేదు. పాపం ఆవిడ మా ఇంటికొచ్చి బట్టలుతుక్కుంది. రోజూ పొద్దున్నే చిన్న గ్లాసులో పట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసేవాడు. రోజూ అదే మడ్డి.

పెళ్లి వచ్చేసింది. హాలు బయట టెంటులో పీపా పెట్టారు. బిరడా తిప్పితే గ్లాసులోకి వచ్చింది అచ్చం వానాకాలం కాలవ నీరు. కొత్త కోటు వేసుకుని ఎడ్గర్ పీపా పక్కనే నిలబడ్డాడు. గ్లాసు అందించిన ప్రతివాళ్లకూ క్షమాపణ చెప్పాడు. ఇంకా తేరుకోలేదండీ, తొందరైపోయిందండీ, ఏమీ అనుకోకండి అని.

ఎవరైనా ఏమైనా అనుకుంటేగా! లండన్ నుంచి వచ్చిన రోవెనా స్నేహితులు గ్లాసులు ఎండకు ఎత్తి ఫోటోలు తీసుకున్నారు. ఎంత సహజంగా ఉందో అన్నారు. నేల వాసన వస్తోందన్నారు. మా ఊరి బీరు సంఘానికి కొత్తగా అధ్యక్షుడైన జాస్పర్ వచ్చాడు. బాగా గడ్డం, బాగా చదువు ఉన్నవాడు. ఓ గుక్క తాగి, కళ్లు మూసుకుని, చాలా ధైర్యమైన బీరు అన్నాడు.

"ధైర్యం కాదు బాబూ, తొందర" అన్నాడు ఎడ్గర్.

జాస్పర్ పకపకా నవ్వి, ఎంత చమత్కారమండీ మీదని భుజం తట్టి, ఇంకో గ్లాసు పట్టుకెళ్లాడు.

సాయంత్రానికి పీపా సగానికి పైగా ఖాళీ. ఇంత మెప్పు మా వీధిలో ఎవరికీ దక్కలేదు. ఎడ్గర్ మాత్రం పళ్లు పీకించుకున్నవాడిలా కూర్చున్నాడు. కాదు, బాలేదు అని చెప్పినకొద్దీ జనం అతన్ని వినయవంతుడన్నారు. మరి మనిషి తప్పు ఒప్పుకుంటే వినయమనక ఇంకేమనాలి?

ఇక ఆ వేసవంతా మా ఊరు ఎంత ముందుకు పోయిందో చెప్పలేను. బేకరీలో రొట్టె మాడితే దాన్ని పొగరుచి అన్నారు. కొళాయిలో ఎర్రనీళ్లు వస్తే ఖనిజాలన్నారు. చర్చిలో పాడేవాళ్లు శ్రుతి తప్పితే జానపద ఫక్కీ అన్నారు. మా వీధిలో గుంత పడితే అది వాహనాల వేగం తగ్గించే ఏర్పాటట! ఎవరి మనసూ నొప్పించని ఊరు భూమ్మీద ఇంకెక్కడైనా ఉందా?

అక్టోబరు వచ్చింది. పెళ్లయ్యాక మిగిలిన బీరును ఎడ్గర్ సీసాల్లో పట్టి షెడ్డులో పెట్టి, మళ్లీ దాని మొహం చూడలేదు. ఓ రోజు డోరీన్ దేనికోసమో వెళ్లి ఓ సీసా చేతపట్టుకుని పరుగున వచ్చింది. అడుగున గోధుమరంగు పొర బిల్లకట్టి ఉంది. పైన ఉన్నదంతా తేట. జాగ్రత్తగా వంచి పోస్తే ముదురు దానిమ్మ రంగు. కాలమే ఆ పని చేసింది. చేప అక్కర్లేకుండానే.

ఎడ్గర్ కిటికీ వెలుతురుకు ఎత్తిన గ్లాసు చాలాసేపు దించలేదు. ఆ నెలలోనే బీరు సంఘం పోటీ. పేరు ఇచ్చాడు.

పోటీ శనివారం మధ్యాహ్నం, నల్లపొట్టేలు అనే పబ్బు వెనక గదిలో. మేమంతా వెళ్లాం. రోవెనా, ఎమ్రిస్ కూడా వచ్చారు. బల్లల నిండా గ్లాసులు. ఒకటి గుమ్మడికాయ గుజ్జులా ఉంది, ఒకటి సున్నపు నీళ్లలా ఉంది. వాటి మధ్య ఎడ్గర్ గ్లాసు ఒక్కటే దీపం పెట్టినట్టు వెలుగుతోంది.

జాస్పర్ వరసగా రుచి చూస్తూ వచ్చి అక్కడ ఆగాడు. గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. తాగాడు. మొహం ఇబ్బందిగా పెట్టాడు. బాగానే ఉంది గానీ ఇది ఇంట్లో కాచినట్టు లేదన్నాడు. ఫ్యాక్టరీ సరుకులా మరీ శుభ్రంగా ఉందట. కొన్న బీరును పోటీకి పెట్టకూడదని నియమం ఉందని ఎంతో మర్యాదగా గుర్తుచేశాడు. డోరీన్ లేవబోతే రోవెనా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఎడ్గర్ కోప్పడలేదు. తన రెండో సీసా తీసుకుని, మూత తీయకుండానే తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, మళ్లీ తలకిందులు చేశాడు. అడుగున ఉన్న పొరంతా లేచి కలిసిపోయింది. అప్పుడు మూత తీశాడు. నురగ సగం జాస్పర్ చొక్కా చేతి మీద పడింది. మిగిలింది గ్లాసులో పోసి ముందుకు జరిపాడు. ఎవరిమీదైనా కసి ఉంటే ఆ చేతుల్లో తెలియాలి. నాకేమీ తెలియలేదు. అలసిపోయినట్టు ఉన్నాడంతే.

జాస్పర్ తాగాడు. మొహం విప్పారింది. ఇదీ బీరంటే, ఇందులో ప్రాణం ఉంది అన్నాడు. మొదటి బహుమతి, తగరం మగ్గు, ఎడ్గర్‌కు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా సిద్ధాంతానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఒకే కాపు, ఒకే పీపా, ఒకే చెయ్యి. తేటగా ఉంటే దొంగ సరుకు, మడ్డి చేస్తే మొదటి బహుమతి!

బయట కార్ల దగ్గర జనం ఎడ్గర్ చుట్టూ చేరి అభినందనలు చెప్పి వెళ్లారు. అతను మగ్గును చంకలో పెట్టుకుని అందరికీ తలూపుతున్నాడు. చివరికి మేమే మిగిలాం. ఎమ్రిస్ ఒక్కడూ ఏమీ అనలేదు. ఎడ్గర్ అతనివైపు తిరిగాడు.

"నువ్వేం అనలేదేం?"

"మీరు అడగలేదు కదా."

"అడుగుతున్నా, చెప్పు."

"మొదటి గ్లాసు చాలా బాగుంది. నేను తాగినవాటిలో అంత మంచిది ఇంకోటి గుర్తు రావట్లేదు. రెండోది మీరే పాడు చేశారు. పెళ్లిలో ఇచ్చింది మాత్రం బురదలా ఉంది. సగం పూలకుండీలో పోసేశాను."

రోవెనా మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. డోరీన్ ఆకాశం వైపు చూసింది.

"ఏ కుండీ?" అన్నాడు ఎడ్గర్.

"హాలు గుమ్మం పక్కనుండేది. జెరేనియం మొక్క."

"బతికిందా?"

"కనుక్కోలేదండీ. మళ్లీ అటు పోవడానికి మొహం చెల్లలేదు."

మే నెల తర్వాత ఎడ్గర్ నవ్వడం నేను అప్పుడే చూశాను. నవ్వీ నవ్వీ కారు మీద చెయ్యి వేసి ఆనుకున్నాడు. ఆ మగ్గు ఎప్పుడు జారి కింద పడిందో కూడా చూసుకోలేదు.

"ఈ మాట ఆ రోజే ఒక్కడంటే ఒక్కడు అని ఉంటే, అబ్బాయ్, బీరు కన్నా ముందు నేను తేరుకునేవాణ్ణి" అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ల వంటింట్లో తేట బీరు మామా అల్లుళ్లిద్దరికే పోశాడు ఎడ్గర్. అంటే, నాకూ ఇచ్చాడు లెండి, గుమ్మం దగ్గర నిలబడ్డాను కాబట్టి. కానీ ఎలా ఉందని నన్ను అడగలేదు. వచ్చే ఏడు బంగాళాదుంపలు ఎంతెంత దూరంలో నాటాలో ఎమ్రిస్‌ను అడుగుతున్నాడు. ఆ కుర్రాడు బల్ల మీద చెంచాలు పేర్చి చూపిస్తున్నాడు. ఎడ్గర్ పరీక్షకు చదివే పిల్లాడిలా వంగి చూస్తున్నాడు.

పాఠకులారా, అందుకే హెచ్చరిస్తున్నాను. అడిగితే నిజం చెప్పే మనిషి ఒక్కడు ఊళ్లోకి వస్తే చాలు, మనమింత కష్టపడి కూడగట్టుకున్న మడ్డంతా దిగిపోతుంది. రొట్టె మాడిందంటాడు. పాట శ్రుతి తప్పిందంటాడు. గుంతను గుంత అంటాడు. ఆ తర్వాత పూడ్చక తప్పుతుందా?

ఆ దంపతులు ఇప్పుడు మా ఊరికే మారారు. నిన్న కంచె దగ్గర ఎమ్రిస్ ఎదురుపడి, మీ వ్యాసాలు ప్రతివారం చదువుతుంటానండీ అన్నాడు. అని ఊరుకున్నాడు. నా జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు.

ఎలా ఉంటున్నాయని నేను అడగలేదు. పొయ్యి మీద కెటిల్ పెట్టి వచ్చానని చెప్పి, గబగబా లోపలికి వచ్చి తలుపేసుకున్నాను.