కనే మనిషి సంతకం

తొమ్మిదో నెల నిండవస్తున్న లెక్కల టీచరు ఆ ఆదివారం ఉదయం టీ చల్లారేలోగా ఒక పని ముగించాలనుకుంది. తొలి కాన్పు కదా, ప్రసవం ఎలా జరగాలనుకుంటున్నారో కాగితం మీద రాసి తెమ్మని ఆసుపత్రివాళ్లు చెప్పారు. జవాబు పేజీ దాటిందంటే పిల్లవాడికి ఆ లెక్క రాదన్నమాట అని ఆమె నమ్మకం. అందుకని మూడే వాక్యాలు రాసింది. ఏం చేసినా ముందు నాకు చెప్పాలి. బిడ్డను మొదట నా గుండెల మీద పెట్టాలి. మా ఆయన నా పక్కనే ఉండాలి.

మూడో వాక్యం కింద గీత కూడా గీసింది. తను పుట్టినప్పుడు నాన్న వరండాలో పేపరు చదువుతూ కూర్చున్నాడనీ, చివరి పేజీ దాకా చదివి, మడతపెట్టి మరీ లోపలికి వచ్చాడనీ అమ్మ ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉంది. నవ్వుతూనే చెబుతుంది. ఆ నవ్వు తనకు వద్దనుకుంది టీచరు.

భర్త కాగితం చదివాడు. ఆయన ఆఫీసులో ఫైళ్లు చూస్తాడు. వెనక అనెక్చర్ జతచేయనిదే సెలవు చీటీ కూడా పంపడు కనుక అక్కడ ఆయన పేరే అనెక్చర్.

"బాగుందోయ్. కానీ సంబంధితుల అభిప్రాయం తీసుకోలేదే?"

"కనేది నేను. ఇంకెవరండీ సంబంధితులు?"

"అట్లా అంటే ఎలా? రేపు ఎవరైనా మాకు తెలీదంటే?" అంటూ కాగితం నెత్తిన 'ముసాయిదా' అని రాసి, తల్లి దగ్గరికి పట్టుకెళ్లాడు.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుంది. "డాక్టరు ఈవిడకి చెప్పి చెయ్యాలా? విడ్డూరం! మేం కనలేదూ? ముందు గదిలో ఫ్యాను ఆపమని రాయరా. పసిదానికి జలుబు చేస్తుంది."

ఆ మాట ఫోనులో వియ్యపురాలికి చేరింది. "మా పిల్ల ఉక్కకి ఆగలేదు వదినగారూ. ఫ్యాను తిరగాల్సిందే!"

ఎవరినీ నొప్పించలేక అనెక్చర్ ఫ్యానుకే ఒక పేజీ కేటాయించి, అది ఒకటో నంబరు మీద తిరుగునని తీర్మానించాడు. ఫ్యానుకే పేజీ ఉంటే తనకెందుకు లేదని ఆడపడుచు ఫొటోల పేజీ వేయించింది. బిడ్డతో ఎవరు ముందు, ఎవరు వెనక. ఫొటోలో ముందుండే మనిషి గదిలోనూ ముందుండాలి కదా అని ముగ్గురికీ ఒకేసారి తోచింది. ఆసుపత్రిలో ఒక్కరినే ఉండనిస్తారు. అనెక్చర్ తలా పావుగంట చొప్పున వంతులు వేశాడు.

"మరి మీ వంతు?" అని అడిగింది టీచరు.

"నేను రాజీ కుదిర్చేవాణ్ణి కదోయ్. నేనే వంతు పట్టుకుంటే పక్షపాతం అనరూ?"

"నా మూడు వాక్యాలు?"

"ఎక్కడికి పోతాయి? పదకొండో పేజీలో 'ఇతర అంశాలు' కింద ఉన్నాయి. మూడోది మాత్రం వంతులతో పొసగక తీసేశాను."

ఆమె చేతిలో టీ ఈసారి చల్లారిపోయింది.

అనుకున్నదానికంటే తొమ్మిది రోజుల ముందే, ఒక బుధవారం పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో నర్సు ఆ కాగితాల దొంతర అందుకుని తూకం చూసింది.

"ఏంటండీ ఇది, ఇల్లు అమ్మకం దస్తావేజా?"

"ప్రసవం ప్లానండీ. అందరి సంతకాలూ ఉన్నాయి," అన్నాడు అనెక్చర్ గర్వంగా.

నర్సు చివరి పేజీ తిప్పింది. "అత్తగారు, అమ్మగారు, ఆడపడుచు, మీరు. కనే మనిషి సంతకమేదీ?"

అనెక్చర్ ముఖం పాలిపోయింది. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆయన పంపిన కాగితం ఒక్కటీ తిరిగి రాలేదు. కనే మనిషి ఎదురుగానే ఉంది, పెన్ను జేబులోనే ఉంది. కానీ గడి లేనిచోట సంతకం పెట్టించడం ఆయన ఒంటికి పడని పని.

"ఐదే నిమిషాలు! సంతకానికి గడి టైపు కొట్టించి తెస్తా."

టీచరు ఆయన చొక్కా పట్టుకుంది. "వెళ్లకండి."

"నీ కోసమే కదోయ్," అని ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని, రోడ్డవతల జిరాక్సు షాపుకి పరుగెత్తాడు.

గుమ్మంలో మొదటి పావుగంట కోసం పేచీ మొదలైంది.

"పెద్దదాన్ని నేను!"

"కన్నతల్లిని నేను!"

"నా ఫోను ఛార్జింగు అయిపోతోందే అమ్మా, ముందు నన్ను పోనీండి!"

నర్సు ముగ్గురి ముఖాల మీదా తలుపేసి వెనక్కి వచ్చింది. "వాళ్లనొదిలెయ్. నీకేం కావాలమ్మా?"

తొమ్మిది నెలల్లో ఆ ప్రశ్న ముఖాముఖి అడిగిన మొదటి మనిషి ఆమే. నొప్పికీ నొప్పికీ మధ్య టీచరు మూడు వాక్యాలూ అప్పజెప్పింది.

"చెప్పే చేస్తాం. నీ గుండెల మీదే పెడతాం. మరి ఆయనేడీ?"

"జిరాక్సుకి వెళ్లారు."

నర్సు నవ్వలేదు. తన చెయ్యి అందించింది.

అనెక్చర్ చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అప్పటికే పాప తల్లి గుండెల మీద పడుకుని, పిడికిలి బిగించి, లోకం మీద అప్పుడే అలిగినట్టు ఏడుస్తోంది.

"షాపులో కరెంటు పోయిందోయ్! అయినా చూడు, గడి ఎంత పొందికగా కుదిరిందో," అని పన్నెండో పేజీ చూపించాడు. ఆ తర్వాత పాపను చూశాడు.

టీచరుకు నవ్వొచ్చింది. అచ్చం అమ్మ నవ్వు.

"ఇక్కడ సంతకం పెట్టు. టైము మాత్రం పదిన్నర అని వెయ్యి," అన్నాడు అనెక్చర్.

ఆమె పెట్టింది. ఫైలు ప్రకారం పాప తల్లి అనుమతి తీసుకునే పుట్టింది.