కుడి మెదడుకు మేలుకొలుపు

ఆ ఉదయం డానియల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి వెళ్లేలోగా తన కుడి మెదడును నిద్రలేపాలి.

అది నిద్రపోతోందని అతనికి ముందురోజే తెలిసింది. తిరుమలగిరిలోని ఒక ప్రైవేటు బడిలో అతను లెక్కల మాస్టరు. టీచర్ల శిక్షణకు పట్నం నుంచి వచ్చిన నిపుణుడు అతన్ని ఏవో ప్రశ్నలడిగి, "మీకు ఎడమ మెదడే పనిచేస్తోంది. లెక్క, తర్కం, క్రమం పుష్కలం. మనుషులను అర్థం చేసుకునేది కుడి మెదడు. దాన్ని లేపాలంటే ఒకరోజు పనులన్నీ ఎడమచేత్తో చేయండి" అన్నాడు. డానియల్ నవ్వి ఊరుకునేవాడే. కానీ బడి కరస్పాండెంటు గాలయ్య అంతకుముందే ఆ మాట ఇంకో రకంగా అన్నాడు: "నీకు లెక్కలొస్తయి డానియలూ, మనుషులే రారు." హెడ్మాస్టరు కుర్చీ ఖాళీగా ఉంది. డానియల్ చాలా ఏళ్లుగా దాన్నే చూస్తున్నాడు. ఆర్డరు ఇవాళే ఇస్తారు.

కుడిచేతిని వేలాడేసి ఎడమచేత్తో పళ్లు తోముకున్నాడు. అంతవరకు బాగానే జరిగింది. గడ్డం గీసుకుంటుంటే పెదవి మూల తెగింది. అక్కడ దూది కుక్కుకున్నాడు. అద్దంలో మూతి ఒక పక్కకు లాక్కుపోయినట్టు కనిపించింది. లోపల ఇంకో మనిషెవరో మేలుకుంటున్న గుర్తేమోనని దాన్ని ఆసక్తిగా చూసుకున్నాడు. ఒకసారి నమ్మకం కుదిరాక మనిషికి ప్రతి అవకతవకా రుజువులాగే కనిపిస్తుంది.

తల్లి సైదమ్మ చాయ్ తెచ్చింది. ఎడమచెయ్యి చాచాడు. గ్లాసు వణికి చాయ్ లుంగీ మీద ఒలికింది.

"గదేంది కొడుకా, కుడిచెయ్యి ఏమైంది?"

"కుడిది పనిచేస్తలేదమ్మా." దూది అడ్డంపడి మాట ముద్దగా వచ్చింది. "మెదడులనే ఉన్నది లోపం. నిన్ననే తెలిసింది. ఫికర్ చెయ్యకు, మెల్లగ లేస్తది."

సైదమ్మ కేక వాడకట్టంతా వినిపించింది. "కోమలా, ఉరికిరాయే! నీ మొగనికి పక్షవాతం గొట్టింది! మూతి జూడు, ఎట్ల గుంజుకపోయిందో!"

కోమల అతని భార్య. అదే బడిలో చిన్నపిల్లలకు చెబుతుంది. పరుగెత్తుకొచ్చి అతని గడ్డం పట్టుకుంది.

"గిది వ్యాయామం," అన్నాడు డానియల్ దూదిలోంచి.

"వ్యాపారం అంటుండు అత్తమ్మా. మాట గూడ తప్పుతాంది!"

విడమరచి చెబుదామని దూది తీసేశాడు. నెత్తురు గడ్డం మీదికి కారింది.

"అయ్యో, నెత్తురు కక్కుతుండు!"

పక్కింటి ఎల్లస్వామి ఆటో తెచ్చాడు. పక్షవాతానికి పావురం నెత్తురు మించిన మందు లేదని బతికున్న పావురాన్ని కూడా చంకలో పెట్టుకొచ్చాడు.

"ఒట్టు, నేను బాగనే ఉన్న," అన్నాడు డానియల్.

"మా మామ గూడ గట్లనే అన్నడు. పొద్దూకేదాక లేడు," అన్నాడు ఎల్లస్వామి.

రోగం పేరు తప్పు కావాలని మనసారా కోరుకుంటున్న ప్రాణులు ఆ ఆటోలో రెండే: డానియల్, పావురం.

ఆ రోజు వారపు అంగడి. ఆటో కూరగాయల కుప్పల మధ్య ఇరుక్కుంది. కోమల దిగింది. "గుర్వమ్మా, జర గంప జరుపవే! మహేష్ వాళ్లమ్మా, నువ్వు అటు జరుగు! సారుకు పానం బాగలేదు!" అంగడిలో సగంమంది ఆమె బడిపిల్లల తల్లులే. దారి ఇచ్చినవాళ్లంతా గంపలు వదిలి ఆటో వెనకే నడిచారు.

దవాఖానలో నర్సు పుష్ప ముందు సెలైన్ పెట్టింది. "పనిచేసే చెయ్యి ఎందుకు ఖరాబు చేసుడు?" అని కుడిచేతికే సూది గుచ్చి, కదలకుండా అట్టముక్క పెట్టి కట్టేసింది. తర్వాత డాక్టరు వచ్చి, రేజరు గాటు తప్ప ఏ జబ్బూ లేదన్నాడు. సెలైన్ మాత్రం అయిపోయేదాకా ఉండమన్నాడు.

అంతలో సంగతి తెలిసి గాలయ్య వచ్చాడు. మంచి గడియ దాటిపోతుందని ఆర్డరు చేత్తోనే పట్టుకొచ్చాడు. పేరు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. వార్డులో, వరండాలో, మెట్ల మీద జనాన్ని చూసి ఆగిపోయాడు.

"నీకు మనుషులు రారంటిని గదా డానియలూ! అంగడంతా ఈడనే ఉన్నదేందయ్యా!" అతని గొంతు మెత్తబడింది. "ఇగ వేరేటోళ్లెందుకు? తీసుకో."

డానియల్ ఉన్న ఒక్క ఎడమచెయ్యీ చాచాడు.

గాలయ్య కాగితం వెనక్కి లాక్కున్నాడు. "శుభమా అని ఇస్తుంటే పుర్రచెయ్యి చాస్తవా?"

"సార్, కుడిదానికి సూది..."

"ఆయన చెయ్యి కట్టేసిండ్రు సార్. నాకియ్యుండ్రి," అంటూ కోమల కొంగు సర్దుకుని రెండు చేతులూ పట్టింది.

గాలయ్య ఆమెను చూశాడు, జనాన్ని చూశాడు. "వీళ్లను ఎవలు పిలిచిండ్రు?"

"ఎవలు పిలువలె సారూ, కోమల టీచరు ఎంబడి వచ్చినం," అంది గుర్వమ్మ.

గాలయ్య జేబులోంచి పెన్ను తీసి ఖాళీలో పేరు రాశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎల్లస్వామి కూడా కొట్టబోయాడు. పావురం కిటికీలోంచి ఎగిరిపోయింది.

మర్నాడు డానియల్ సెలవు చీటీ రాశాడు. కుడిచేత్తోనే రాసినా, 'గౌరవనీయులైన హెడ్‌మిస్ట్రెస్ గారికి' అన్న వరుస మాత్రం వంకరగా వచ్చింది.