మైనం మరకకు నాలుగు ప్రయోగాలు

పదకొండింటికి కాలేజీలో ఇంటర్వ్యూ. ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి టిఫిను, తొమ్మిదింటికి తెల్లచొక్కా, పదింటికి బస్సు అని ల్యాబ్ అసిస్టెంటు ముందురోజే కాగితం మీద రాసుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు సీసాలూ గొట్టాలూ అందిస్తూ నిలబడి నిలబడి అతని మోకాళ్ళు అరిగిపోయాయి. స్టోర్ సూపర్‌వైజర్ ఉద్యోగం వస్తే జీతం పెద్దగా పెరగదు గానీ, కూర్చోవడానికి ఒక కుర్చీ ఉంటుంది. అతనికి కావలసింది ఆ కుర్చీయే.

తెల్లవారుజామున కరెంటు పోయింది. చొక్కా మీద ఎక్కడైనా మరక ఉందేమో చూసుకుందామని కొవ్వొత్తి వెలిగించి దగ్గరగా పట్టుకున్నాడు. అప్పటిదాకా లేదు. ఇప్పుడు జేబు మీద రూపాయి బిళ్ళంత మైనం పడింది.

అతను లబోదిబోమన్నాడు. భార్య మాత్రం కంగారు పడలేదు. మైనం గట్టిపడ్డాక గీకేసి, కిందా పైనా తెల్లకాగితం పెట్టి ఇస్త్రీ చేస్తే మిగిలింది కాగితం పీల్చేస్తుందనీ, కరెంటు రాగానే తనే చేస్తాననీ చెప్పింది.

"ముందు వేరే గుడ్డ మీద ప్రయోగం చేయకుండా అసలుదాని జోలికి వెళ్ళకూడదు," అన్నాడు.

"ప్రయోగం దేనికండీ, మా అమ్మ ఎన్నిసార్లు తీసిందో."

"మీ అమ్మ రికార్డు రాసిందా?"

ఇక ప్రయోగం మధ్యలో మాట్లాడొద్దన్నాడు. అతను బీరువాలోంచి నీలం చొక్కా తీసి, పనిగట్టుకుని దాని మీద మైనం కార్చి, వేడినీళ్ళు పోశాడు. రూపాయంత మరక అరచేయంత అయింది. గళ్ళచొక్కా మీద కార్చి, పెరట్లో కూర్చుని కిరసనాయిలుతో రుద్దాడు. మైనం పోయింది, వాసన ఉండిపోయింది. ఈలోగా కరెంటు వచ్చింది. గీతల చొక్కా మీద కాగితం లేకుండానే ఇస్త్రీ చేశాడు. కాగితం వల్ల ఒరిగేదేమిటో తేలాలి కదా మరి. మైనం సగం చొక్కాలోకి, సగం ఇస్త్రీపెట్టెకి పట్టింది. ల్యాబ్ అలవాటు కొద్దీ పెట్టెను చల్లార్చడానికి ప్లగ్గు పీకి నీళ్ళ బకెట్లో ముంచాడు. అది చుయ్యిమని ఒక్క మూలుగు మూలిగి ప్రాణం విడిచింది.

నాలుగోది ఐసుముక్కతో చేయాలి. ఇంట్లో ఇక చొక్కాలు లేవు. ముందుగదిలో కొక్కేనికి ఒక తెల్లచొక్కా కనిపించింది. దాని మీద మరక లేదు కాబట్టి అది ఇంటర్వ్యూ చొక్కా కాదని శాస్త్రీయంగా తేల్చుకుని, సరిగ్గా జేబు మీదే మైనం కార్చాడు.

భార్య అప్పుడే స్నానం చేసి వచ్చింది. చొక్కా వంకా మొగుడి వంకా చూసింది.

"అది ఇంటర్వ్యూ చొక్కాయేనండీ. మీరు పెరట్లో ఉండగా మరక తీసి అక్కడ తగిలించాను."

"ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్పబోయాను. ప్రయోగం మధ్యలో మాట్లాడొద్దన్నారు."

గడియారం పది కొట్టింది. అతనికి ఏడుపొచ్చింది. మరకలేని చొక్కా లేదు, మరక తీసే పెట్టె లేదు. ఆ చొక్కానే వేసుకుని, ఉతకడానికి ఇంటికి తెచ్చిన ల్యాబ్ కోటు పైన తొడిగి, మెడదాకా గుండీలు పెట్టుకుని బస్సెక్కాడు.

ఇంటర్వ్యూ గదిలో ఉక్కగా ఉంది. కోటు తీసేసి హాయిగా కూర్చోమన్నాడు ప్రిన్సిపాల్. అతను కోటు లేకపోతే తనకేమీ తోచదని నీళ్ళు నమిలాడు. ఇంకోసారి అడిగారు. గుండీల మీద చెయ్యి వేసి అడ్డంగా తలూపాడు. కమిటీవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయనకైతే కళ్ళు చెమర్చాయి.

గంట తర్వాత ప్రిన్సిపాల్ తనే బయటికి వచ్చి అతని భుజం తట్టాడు.

"అందరూ ఉద్యోగం కోసం వచ్చారు. మీరొక్కరే ల్యాబ్‌ని ఒంటి మీద వేసుకుని వచ్చారు. మీలాంటివారిని స్టోర్లో కుర్చీకి కట్టేస్తే పాపం. రిటైరయ్యేదాకా మిమ్మల్ని ల్యాబ్ నుంచి కదిలించకూడదని తీర్మానించేశాం."

కుర్చీ, ఉతికిన చొక్కా వేసుకొచ్చిన జూనియర్‌కు వెళ్ళింది.

సాయంత్రం ఏమైందని భార్య అడిగింది.

"కోటు చాలా నచ్చిందన్నారు," అన్నాడు.