ఆరు తీగలకు మూడు వంకలు

ఆ శనివారం ఉదయం ఉమాకాంతం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇడ్లీ తినడం, పదింటికల్లా నందిగామ చేరడం, గిటార్ తీసుకోవడం, పన్నెండున్నరకి జగ్గయ్యపేటలో తన కంచం ముందు తను కూర్చోవడం. వీటిలో అనుకున్న వేళకి జరిగింది ఇడ్లీ ఒక్కటే.

గిటార్ ఆయనకి కాదు, ఆయన భార్య వసుమతికి. వసుమతి హైస్కూల్లో లెక్కల టీచరు. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరి చేతా లెక్కలు చేయిస్తోంది. ఆమె మాట లెక్క చేయనిది ఇంట్లో మొగుడొక్కడే. చిన్నప్పుడు పక్కింట్లో క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేస్తుంటే గోడ ఇవతల నుంచి విన్న గిటార్ ఆమె చెవిలో అలాగే ఉండిపోయింది. నేర్చుకుందామనుకున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చింది. ముందు తన చదువు, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత ఉమాకాంతం.

ఇన్నాళ్ళకి, ఏభై ఒకటో ఏట, దారి దొరికింది. తన స్కూల్లోనే పనిచేసే రూబీ టీచర్ వేసవి సెలవుల్లో ఇంటి దగ్గర గిటార్ క్లాసు పెట్టింది. పన్నెండు సీట్లు. పదకొండుమంది పిల్లలు, పన్నెండో పిల్ల వసుమతి. ఆదివారం పదింటికి మొదలు. మొదటిరోజు సొంత గిటార్ లేకుండా వచ్చినవాళ్ళ సీటు, వెయిటింగ్ లిస్టులో కాచుకుని కూర్చున్న ఆరో క్లాసు పిల్లాడికి పోతుంది. స్నేహితురాలైనా సరే రూలు రూలేనని రూబీ ముందే చెప్పేసింది.

అప్పటికే రూబీ ఇంట్లో ఇనప తీగల గిటార్ మీద ఒక అరగంట ప్రయత్నిస్తే, మర్నాడు వసుమతి వేళ్ళు సుద్దముక్క కూడా పట్టుకోలేకపోయాయి.

"మీకు క్లాసికల్ గిటార్ అయితే సరిపోద్ది మేడమ్. నైలాన్ తీగలు, వేళ్ళకి మెత్తగా ఉంటాయి," అంది రూబీ. "మరీ చవకగా వచ్చే కొత్తవి కొంటే శ్రుతి నిలవదు, నాలుగు రోజులకి విసుగొచ్చి అటకెక్కిస్తారు. నందిగామలో మా తమ్ముడు ఎడ్విన్ దగ్గర వాడింది ఒకటుంది. వాడే బాగుచేసి పెట్టాడు. నేర్చుకునేవాళ్ళకి అది చాలు."

ఈ సంగతంతా వసుమతి మొగుడికి రెండుసార్లు చెప్పింది. ఆయన రెండుసార్లూ "ఊఁ" అన్నాడు. ఉమాకాంతం ఊఁ అంటే విన్నానని కాదు, ఊపిరి పీలుస్తున్నానని.

"ఏమండీ, చీటీ రాసిచ్చా. చదువుకుని వెళ్ళండి," అంది శనివారం పొద్దున.

"చీటీ చూసి తేవడానికి అదేమన్నా కొత్తిమీరా," అంటూ ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"బేరం పని కాదండీ, మీరు వెళ్ళి ఊరికే..."

"వసూ, గిటార్ సంగతి నీకు తెలుసు, బేరం సంగతి నాకు తెలుసు. తంత్రీవాద్యం కొనాలంటే తంత్రం ఉండాలి. ముందు గిట్టుబాటు, తర్వాతే గిటారు."

వసుమతి మళ్ళీ నోరు తెరిచేలోపు కుక్కర్ తెరిచింది, ఈలతో. ఆమె స్టవ్ కట్టేసి వచ్చేసరికి ఉమాకాంతం సందు మలుపు తిరిగిపోయాడు.

ఒంటరిగా బేరానికి వెళ్ళడం ఆయన ఇంటావంటా లేదు. ఆ వైపు ఎద్దు కొన్నా, ఇంటి స్థలం కొన్నా 'తెలిసినవాళ్ళు' ఇద్దరు వెంట ఉండాలి. వాళ్ళకి ఏం తెలుసన్నది ఎవరూ అడగరు. ఎదురింటి పార్థసారథి మాస్టారు రిటైరైన తెలుగు పండితుడు. వాళ్ళమ్మగారి వీణ ముప్పై ఏళ్ళుగా ఆయన ఇంటి అటక మీద ఉంది కాబట్టి సంగీతం తెలిసినవాడు. చిల్లకల్లులో ఉండే భవానీప్రసాద్ మిర్చి రైతు. బేరం తెలిసినవాడు, అంతకన్నా ముఖ్యం, కారున్నవాడు. పేరుకి పార్థసారథే గానీ మాస్టారికి సైకిల్ కూడా రాదు. అందుకని ఇద్దరూ చిల్లకల్లు దాకా ఆటోలో వెళ్ళి, అక్కడ కారెక్కారు.

హైవే ఎక్కగానే భవానీప్రసాద్ తన పేరు నిలబెట్టుకుంటూ తెలివిని ప్రసాదంలా పంచిపెట్టాడు.

"పేరు చెప్పొద్దు, ఊరు చెప్పొద్దు. పేటోళ్ళమని తెలిస్తే డబ్బున్నోళ్ళనుకుని రేటు పెంచేస్తాడు. వీరులపాడు అందాం."

"ఎందుకు కొంటున్నామంటేనో?" అన్నాడు ఉమాకాంతం.

"అవసరం ఉందని తెలిస్తే అయిపోయాం. గోడకి తగిలించుకోడానికని చెప్పు. ఇంకో మాట. వస్తువు ఎంత బాగున్నా బాగుందనకూడదు. మనిషికో వంక పెట్టాలి. ఆఖర్న లేచి వచ్చేయాలి, వాడే వెనక్కి పిలుస్తాడు."

"పిలవకపోతే?" అన్నారు మాస్టారు.

"నలభై ఏళ్ళ సర్వీసు మాస్టారూ. పిలవనోడు ఇంకా పుట్టలా."

ఆ పుట్టనివాడు నందిగామలో చర్చి వెనక సందులో, ముప్పై రెండేళ్ళ క్రితమే పుట్టి, పేరు ఎడ్విన్ అని పెట్టించుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బక్కపల్చటి మనిషి. చర్చిలో గిటార్ వాయిస్తాడు, మిగిలిన రోజుల్లో పాత వాయిద్యాలు బాగుచేస్తాడు. అతనిది వట్టి మొహమాటం. అంటే మొహం కనపడుతుంది, మాట వినపడదు.

"రండి సార్. ఎక్కణ్ణుంచండి?" అన్నాడు.

"వీరులపాడు," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

ఎడ్విన్ వాళ్ళ వెనక ఇంకెవరన్నా వస్తున్నారేమోనని సందులోకి చూశాడు. "గిటార్ కోసమాండి? అసలు విషయమేంటంటేనండీ..."

"విషయం తర్వాత బాబూ, ముందు వస్తువు చూపించు," అని భవానీప్రసాద్ లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

ఎడ్విన్ అయిష్టంగానే కవరు విప్పాడు. తేనెరంగు చెక్క, మధ్యలో గుండ్రటి కన్నం చుట్టూ సన్నటి ముగ్గులాంటి పని. ఒక తీగ మీద బొటనవేలు అలా ఆనించాడంతే, గదిలోకి ఒక చల్లటి మోత వచ్చి కూర్చుంది. ఉమాకాంతానికి వసుమతి ఒళ్ళో ఆ గిటార్ ఉన్నట్టు కళ్ళకి కట్టింది. వెంటనే కాకరకాయ కొరికినట్టు మొహం పెట్టాడు.

మొదటి వంక మాస్టారిది. తీగని గోటితో గోకి చూశారు. "ఇది తీగేనా? చేపలు పట్టే గాలం దారంలా ఉందే. పైగా ఆరే ఉన్నాయి. మా వీణకి ఏడు. ఏడోది ఏమైంది నాయనా?"

"క్లాసికల్‌కి నైలానే ఉంటదండి. గిటార్‌కి ఆరేనండి..."

"చూశారా, ఒప్పుకున్నాడు," అన్నాడు భవానీప్రసాద్. ఆయన గిటార్ అందుకుని, కల్లంలో మిరపకాయల టిక్కీ బస్తా ఎత్తి చూసినట్టు ఎత్తి చూశాడు. కన్నంలో ముక్కు పెట్టి తేమ వాసన చూశాడు. వేలి కణుపుతో తట్టాడు. "లోపలేం లేదుగా తమ్ముడూ. అంతా డొల్ల. చేతిలో ఉన్నట్టే లేదు, ఇంత తేలిక వస్తువు ఎన్నాళ్ళుంటది?"

"డొల్లగా ఉంటేనే మోగుద్దండి. నే చెప్పేదేంటంటే, ఇది ఆల్రెడీ..."

"ఆల్రెడీ రిపేరు చేసిందేగా, ఆ సంగతి మాకు తెలుసు," అంటూ ఉమాకాంతం మూడో వంక అందుకున్నాడు. "మెడ చూడు, ఎంత వెడల్పుందో. రోలుకి మెడ పెట్టినట్టుంది. రెండు వేలిస్తాం, అదీ గోడకి తగిలించుకోడానికి."

రావలసిన కోపం ఎడ్విన్‌కి రాలేదు. పైగా మొహం విచ్చుకుంది. "నిజమేనండి. ఇన్ని లోపాలున్నది మీకెందుకండి? వదిలేయండి," అని గిటార్‌ని గబగబా కవర్లోకి దించి జిప్పు లాగేశాడు.

ముగ్గురూ లేచారు. గిటార్ మెట్ల మీద చెయ్యి వెయ్యకుండానే ఇంటి మెట్లు దిగారు. భవానీప్రసాద్ పెళ్ళిలో తాంబూలం పుచ్చుకుని వెళ్ళేవాడిలా తాపీగా నడిచాడు. "వెనక్కి చూడొద్దు. ఇప్పుడు పిలుస్తాడు," అని గొణిగాడు. వెనక చప్పుడైతే అయింది. అది ఎడ్విన్ గేటు గడియ పెట్టిన చప్పుడు.

కార్లో కూర్చున్నారు. పావుగంట. మే నెల ఎండ. ఏసీ వేస్తే వెళ్ళిపోతున్నామనుకుంటాడని, వెయ్యకపోతే నిజంగానే పోతామని ముగ్గురి మధ్యా చిన్న చర్చ జరిగింది. అంతలో ఉమాకాంతం ఫోన్ మోగింది. వసుమతి.

"ఎత్తొద్దు," అన్నాడు భవానీప్రసాద్. "ఆడవాళ్ళ గొంతు వినపడితే అవసరం తెలిసిపోద్ది."

ఉమాకాంతం కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. ఇంకో పది నిమిషాలకి ఆయనకి రేపు పదిగంటలు గుర్తొచ్చాయి. వెయిటింగ్ లిస్టులో కూర్చున్న ఆ ఆరో క్లాసు పిల్లాడు గుర్తొచ్చాడు.

"ప్రసాదూ, నేను వెళ్ళి పొగుడుతా," అన్నాడు.

"పరువు పోద్ది."

"పోతే పోయింది. గిటార్ లేకుండా ఇంటికెళితే నేనే గోడకి తగులుకోవాలి."

గేటు కొట్టారు. ఈసారి ఎడ్విన్ గేటు పూర్తిగా తియ్యలేదు. తీసినంత సందులోంచే ముగ్గురూ పొగడ్త మొదలుపెట్టారు. ఆరు తీగలే ఉండడం వల్లే అంత నాదం వచ్చిందని, ఏడుంటే ఇరుకైపోయేదని మాస్టారు తీర్పిచ్చారు. అంత తేలిక చెక్క ఈ జిల్లాలో దొరకదని భవానీప్రసాద్ అన్నాడు. ఉమాకాంతం ఆ మెడని నెమలితో పోల్చి, అయిదు వేలన్నాడు. ఎడ్విన్ తల అడ్డంగా ఊపాడు. ఉమాకాంతం ఎనిమిది వేలన్నాడు. ఎడ్విన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పన్నెండు," అన్నాడు ఉమాకాంతం.

ఎడ్విన్‌కి చెమటలు పట్టాయి. "గోడకి తగిలించుకోడానికి పన్నెండు వేలేంటండీ? మీరెంతిచ్చినా కుదరదండి. అసలు విషయం..."

"పదమూడు. విషయం ఇంక లేదు," అన్నాడు భవానీప్రసాద్.

ఆ మాటతో ఎడ్విన్ గేటుకి గడియతో పాటు తాళం కూడా వేశాడు.

ముగ్గురూ తిరుగు ప్రయాణం కట్టారు. బేరసారాల్లో బేరం అయిపోయింది, సారం మాత్రం నందిగామలో ఉండిపోయింది. ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళకూడదని హైవే పక్కన ఆగి ఒక పుచ్చకాయ కొన్నారు. భవానీప్రసాద్ దాన్ని తట్టి, "ఇది డొల్ల కాదు, గ్యారంటీ," అన్నాడు.

ఉమాకాంతం మూడింటికి ఇల్లు చేరాడు. వసుమతి గుమ్మంలోనే ఉంది. ఆమె కళ్ళు ఆయన చేతుల మీద ఆగాయి. గిటార్ ఉండాల్సిన చోట పుచ్చకాయ ఉంది.

"వాడు అమ్మేరకం కాదు వసూ. ఎంతన్నా ఇవ్వలా. మనిషి చాలా మొండి."

వసుమతి పుచ్చకాయ అందుకుని బల్ల మీద పెట్టింది. "రేపు నేను వెళ్ళనని రూబీకి చెప్తాలెండి," అంది. ఆ మాటలో కోపం ఉంటే ఉమాకాంతం తట్టుకునేవాడు. అలవాటే. కోపం లేకపోయేసరికి ఎక్కడ నిలబడాలో తెలియక కుర్చీ అంచున కూర్చున్నాడు.

"చీటీ చదివారా?" అంది.

ఆయన జేబులోంచి తీశాడు. మడతలు అలాగే ఉన్నాయి.

"గట్టిగా చదవండి," అంది వసుమతి. అది ఇంటి గొంతు కాదు, క్లాసు గొంతు.

ఉమాకాంతం లేచి నిలబడి చదివాడు. "ఒకటి. తీగలు నైలానువి ఉంటాయి. అలాగే ఉండాలి. రెండు. మెడ వెడల్పుగా ఉంటుంది. మొదట నేర్చుకునేవాళ్ళ వేళ్ళు ఒకదానికొకటి అడ్డం పడకుండా ఉండాలంటే అదే మంచిది. మూడు. తేలిగ్గా ఉంటుంది. చెక్క పల్చగా ఉంటేనే మోగుతుంది. నాలుగు..."

అక్కడ ఆయన గొంతు శ్రుతి తప్పింది.

"చదవండి."

"నాలుగు. ఆరు వేలూ నిన్ననే రూబీకి ఇచ్చేశాను. ఎడ్విన్ గారు మీకోసం చూస్తూ ఉంటారు. జగ్గయ్యపేట నుంచి వసుమతి గారి భర్తనని చెప్పి తెచ్చేయడమే. బేరమాడకండి."

ఆరు వేలకి భార్య కొనేసిన వస్తువుని పదమూడు వేలకి మళ్ళీ కొనబోయి, అదీ కొనలేక వచ్చిన ఘనత తనదేనని ఉమాకాంతానికి మెల్లగా అర్థమవుతోంది. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఒక బైకు ఆగింది.

"వసుమతి మేడమ్ గారిల్లు ఇదేనాండి?"

ఎడ్విన్. వీపుకి గిటార్ కట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. వసుమతి గబగబా ఎదురెళ్ళింది. ఉమాకాంతం తలుపు చాటుకి జరిగాడు.

"అడ్రస్ అక్క చెప్పిందండి. మీవారు వస్తారని పొద్దుట్నుంచీ చూసా, రాలేదు. ఈలోగా ఎవరో ముగ్గురొచ్చి ఒకటే పట్టు పట్టారండి, ఇది వాళ్ళకే కావాలంట. అమ్ముడుపోయిందని చెప్దామంటే నోరు తెరవనివ్వలా. మళ్ళీ ఇంకెక్కువ డబ్బులు పట్టుకుని దిగుతారేమోనని భయమేసి నేనే తెచ్చేసానండి."

అతను గిటార్ తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. వసుమతి కుర్చీలో కూర్చుని, ఒళ్ళో సర్దుకుని, ఒక తీగ మీద వేలు నొక్కి, ఇంకో చేత్తో మీటింది. వేలు నొప్పి పుట్టలేదు. చిన్నప్పుడు గోడ అవతల ఉన్న మోత ఇవతలికి వచ్చింది. ఆమె రెండోసారి మీటింది, మొదటిది నిజమేనా అని చూసుకోవడానికి.

ఆ మోతకి ఉండబట్టలేక ఉమాకాంతం తలుపు చాటు నుంచి తల బయటపెట్టాడు. ఎడ్విన్ అదిరిపడి వెనక్కి తగ్గాడు.

"మేడమ్, ఆ ముగ్గుర్లో ఒకాయన ఈయనేనండి. వీరులపాడు. మీ ఇంటిదాకా వచ్చేశాడు. ఎంతిస్తానన్నా ఇవ్వకండి. ఈయన మీకు తెలుసా?"

వసుమతి గిటార్ మీది నుంచి తలెత్తి మొగుడి వైపు ఒకసారి చూసింది. తేలిగ్గా ఉన్నాడు. మెడ మామూలుగానే ఉంది.

"తెలుసండి. ఈయన్ని నాకు మా నాన్నగారు బేరమాడకుండా తెచ్చారు," అంది.